రోమన్ సైనికుడి హెల్మెట్ అసలుదో నకిలీదో తేల్చుకోవడం ఎలా?

రోమన్ హెల్మెట్ ఒకటి మీ ముందుకు వచ్చిందనుకుందాం. వేలం సంస్థ కేటలాగులో కనిపించి ఉండొచ్చు. లండన్‌లోనో మ్యూనిక్‌లోనో పాత వస్తువుల దుకాణంలో దొరికి ఉండొచ్చు. ఆర్కియాలజీ చదువుతున్నవాళ్లకైతే మ్యూజియం స్టోర్‌లో చేతికే ఇచ్చి ఉండొచ్చు. రెండు వేల ఏళ్ల నాటిదన్న మాట వినగానే మనసు ఉరకలు వేస్తుంది. ఆ ఉత్సాహంలో చూస్తే ప్రతి గీతా పాతదానిలాగే కనిపిస్తుంది. అందుకే ఒక క్రమం పెట్టుకుని, ఆ క్రమం తప్పకుండా పరీక్షించాలి.

నిజమైన హెల్మెట్ నాలుగు దశలు దాటి వచ్చి ఉంటుంది. ఒకరు దాన్ని తయారు చేశారు. కొందరు వాడారు. తర్వాత అది మట్టిలోనో నీటిలోనో శతాబ్దాలు పడి ఉంది. ఆపైన బయటపడి చేతులు మారింది. ఈ నాలుగూ దాని మీద గుర్తులు వదులుతాయి, ఆ గుర్తులు ఒకదానితో ఒకటి పొసగాలి. నకిలీ చేసేవాడు ఒకటి రెండు దశలను బాగానే అనుకరిస్తాడు. నాలుగింటినీ కలిపి కుదర్చడం మాత్రం చాలా కష్టం. మీరు వెతకాల్సింది ఆ పొంతన కోసమే.

1. లోహం కన్నా ముందు కాగితాలు

చాలామంది భూతద్దంతో మొదలుపెడతారు. నా మాట వింటే, ముందు అమ్మేవారిని మూడు ప్రశ్నలు అడగండి. ఎక్కడ దొరికింది? ఎప్పుడు, ఎవరి చేతుల మీదుగా ఇక్కడికి వచ్చింది? దానికి రాతపూర్వక ఆధారం ఏముంది? "ఒక యూరోపియన్ ప్రైవేట్ కలెక్షన్ నుంచి" అనడం జవాబు కిందకు రాదు. పాత కేటలాగు పేజీ, తేదీ ఉన్న ఫొటో, ఎగుమతి అనుమతి, పాత బిల్లు లాంటివి కావాలి.

తేదీల్లో 1970 మీద దృష్టి పెట్టండి. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను అడ్డుకునే యునెస్కో ఒప్పందం ఆ ఏడాది వచ్చింది. ఒక వస్తువు అంతకు ముందే తన దేశం దాటిందా, చట్టబద్ధంగా దాటిందా అని మ్యూజియాలు మొదట అడిగేది అందుకే. ఇటలీలో 1909 చట్టం నుంచీ నేలలో దొరికిన పురావస్తువులు ప్రభుత్వానివే. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 28 నుంచి కొత్త దిగుమతి నిబంధనలు పూర్తిగా అమలవుతున్నాయి. బయటి దేశాల్లో తవ్వకాల్లో దొరికిన, 250 ఏళ్లు దాటిన వస్తువుకు ధర ఎంతైనా లైసెన్సు ఉండాల్సిందే. ఇంటర్‌పోల్ దగ్గర చోరీకి గురైన కళాఖండాల డేటాబేస్ ఉంది, దాన్ని ఐడీ-ఆర్ట్ అనే మొబైల్ యాప్‌లో ఎవరైనా వెతకొచ్చు. ఆ ఒక్క పనికి పది నిమిషాలు చాలు. చేయకుండా మాత్రం ముందుకు వెళ్లకండి.

ఇక్కడ క్రాస్బీ గారెట్ హెల్మెట్ సంగతి చెప్పాలి. 2010 మే నెలలో ఇంగ్లండ్‌లోని కంబ్రియాలో మెటల్ డిటెక్టర్‌తో వెతుకుతున్న ఒక వ్యక్తికి అది దొరికింది. అప్పటికి 33 పెద్ద ముక్కలు, 34 చిన్న ముక్కలుగా ఉంది. ఆశ్వికులు ప్రదర్శనల్లో పెట్టుకునే, ముఖం అచ్చుతో సహా ఉండే హెల్మెట్ అది. అక్కడి 1996 నాటి ట్రెజర్ చట్టం ప్రకారం ఒంటరిగా దొరికిన రాగి మిశ్రమ వస్తువు అప్పట్లో నిధి కిందకు వచ్చేది కాదు. దాంతో అది నేరుగా వేలానికి వెళ్లింది. వేలానికి ముందే ముక్కలన్నీ అతికించి, ఖాళీలు పూడ్చి, అందంగా తయారు చేశారు. అదే ఏడాది అక్టోబర్ 7న క్రిస్టీస్ వేలం సంస్థలో సుమారు 23 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది. కార్లైల్‌లోని టులీ హౌస్ మ్యూజియం విరాళాలు పోగు చేసి పోటీపడినా దక్కించుకోలేకపోయింది. ముక్కలుగా ఉన్నప్పుడే శాస్త్రీయంగా పరీక్షించి ఉంటే తెలిసే విషయాలు ఎన్నో ఆ అతుకుల కింద మరుగునపడ్డాయి. అయితే దొరికిన చోటు నమోదై ఉంది కాబట్టి తర్వాత అక్కడ తవ్వకం జరిపి, రోమన్ కాలపు నివాస ఆనవాళ్లను చూడగలిగారు. చోటు తెలిసిన వస్తువుకూ తెలియని వస్తువుకూ తేడా అదీ. బ్రిటన్ 2023లో చట్టాన్ని మార్చి, ప్రత్యేక ప్రాధాన్యం ఉన్న ఒంటరి లోహ వస్తువులను కూడా నిధి కిందకు తెచ్చింది.

కాగితాలు లేవంటే అది నకిలీ అని కాదు. దొంగతవ్వకాల్లో బయటపడిన అసలు వస్తువు కూడా కావొచ్చు, అది ఇంకా పెద్ద సమస్య. అలాంటిదాన్ని కొనకండి. లోహ పరీక్షలో ఎంత బాగా నెగ్గినా కొనకండి.

2. ముట్టుకునే ముందు

కింద మెత్తటి ఫోమ్ పరచండి. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. మెడ రేకు పట్టుకునో చెంప రేకు పట్టుకునో ఎత్తొద్దు. తలను కప్పే గుండ్రటి డొప్ప కింద రెండు చేతులూ పెట్టి ఎత్తండి. తుడవడం, కడగడం, నూనె రాయడం లాంటివేవీ వద్దు. ఆ పొడి మట్టిలోనే సగం సాక్ష్యం ఉంటుంది.

పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, పక్క నుంచి వాలుగా వేయడానికి చిన్న టార్చి, అంచుల మందం కొలిచే కాలిపర్, వంటింటి డిజిటల్ త్రాసు, చిన్న అయస్కాంతం, అతినీల కాంతి టార్చి ఉంటే చాలు. ముందు, వెనక, రెండు పక్కలు, పైన, లోపల ఫొటోలు తీయండి. లోపలి ఫొటో ఇవ్వడానికి అమ్మేవారు వెనకాడితే అక్కడే ఆగిపోవచ్చు.

3. ఏ రకమో గుర్తించండి

"రోమన్ హెల్మెట్" అని ఒక్క రకమేమీ లేదు. సినిమాల్లో చూసే ఎర్ర కుచ్చు హెల్మెట్ ఆ వరుసలో ఒకటి మాత్రమే.

చక్రవర్తులు రాకముందు, అంటే రిపబ్లిక్ కాలంలో ఎక్కువగా వాడింది మాంటెఫోర్టినో రకం. ఇటలీలో సమాధులు బయటపడిన ఒక ఊరి పేరే దానికి పెట్టారు. కంచుది, కోలగా ఉంటుంది. కొసన బుడిపె, వెనక చిన్న మెడ రేకు ఉంటాయి. బుడిపె డొప్పతో కలిపి ఒకే ముక్కగా ఉంటుంది. కుచ్చు పిన్ను నిలబడడానికి అందులో సీసం పోసేవారు. విడిగా చేసి కొత్తగా అతికించిన బుడిపె కనిపిస్తే ఆగి ఆలోచించండి. ఫ్రాన్స్‌లోని కూలుస్ అనే ఊరి పేరుతో పిలిచే రకం దాని తర్వాతది. గుండ్రంగా ఉంటుంది, మెడ రేకు వెడల్పు, నుదుటి మీద విడి పట్టీ.

క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో ఇనుప హెల్మెట్లు ముందుకొచ్చాయి. బ్రిటిష్ పరిశోధకుడు రస్సెల్ రాబిన్సన్ 1975లో వీటిని ఇంపీరియల్ గాలిక్, ఇంపీరియల్ ఇటాలిక్ అని రెండు కుటుంబాలుగా విడదీసి, వాటిలోని ఉపరకాలకు అక్షరాలు పెట్టాడు. జర్మన్ పండితులు గాలిక్ రకాన్ని వైసెనౌ అంటారు. గాలిక్ రకంలో నుదుటి మీద ఉబ్బెత్తు కనుబొమలు, చెవుల మీద రేకు, ఇత్తడి అంచులు, కొన్నిటికి ఎర్ర ఎనామెల్ బొత్తాలు కూడా ఉంటాయి. ఇటాలిక్‌లో కనుబొమలు ఉండవు. మూడో శతాబ్దం చివరి నుంచి వచ్చిన రిడ్జ్ హెల్మెట్లు పూర్తిగా వేరు. రెండు మూడు ముక్కల డొప్పను నడినెత్తిన ఒక పట్టీతో రివెట్లు కొట్టి కలిపేవారు. నెదర్లాండ్స్‌లో డ్యూర్న దగ్గర పీట్ బురదలో 1910లో దొరికి, ఇప్పుడు లైడెన్ మ్యూజియంలో ఉన్న బంగారు పూత వెండి తొడుగు ఈ కుటుంబానిదే.

ఇదంతా ఎందుకంటే, నకిలీల్లో కాలాలు కలగలిసిపోతాయి. మాంటెఫోర్టినో డొప్పకు గాలిక్ చెవి రేకులు, ఇటాలిక్ హెల్మెట్‌కు కనుబొమలు పెట్టేస్తారు. మీ హెల్మెట్‌కు సరిగ్గా సరిపోయే రకం, కచ్చితమైన దొరికిన చోటుతో ఏ మ్యూజియంలో ఉందో వెతికి, కొలతలు పక్కపక్కన పెట్టుకోండి. అచ్చుగుద్దినట్టు సరిపోయినా అనుమానించాలి. సుప్రసిద్ధమైన నమూనాలను చూసే రెప్లికాలు చేస్తారు. ఇద్దరు పనివాళ్లు చేతితో కొట్టిన రెండు హెల్మెట్లు మిల్లీమీటరు తేడా లేకుండా ఉండవు.

4. లోపలి వైపే అసలు పరీక్ష

టార్చిని వాలుగా పట్టుకుని డొప్ప లోపలికి చూడండి. నన్నడిగితే, ఎక్కువ సమయం గడపాల్సింది ఇక్కడే.

ఇనుప డొప్పను రోమన్ కమ్మరి ఒకే ముక్క నుంచి కాల్చి, కొట్టి, మళ్లీ కాల్చి లేపేవాడు. అందుకే మందం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. నడినెత్తిన ఒక లెక్క, పక్కల మీద ఇంకో లెక్క. లోపల సుత్తి పోట్లు ఒకదాని మీద ఒకటి పడి, దిశ మారుతూ కనిపిస్తాయి. రెప్లికాను ఫ్యాక్టరీ రేకుతో చేస్తారు. ఎక్కడ కొలిచినా ఒకే మందం వస్తుంది. కొన్నిటిలో రెండు సగాలను వెల్డింగ్ చేసి గ్రైండర్‌తో నున్నగా రుద్దుతారు. ఆ అతుకు బయట కనిపించకపోయినా లోపల మెడ వంపు దగ్గర, చెవి కోత దగ్గర చిన్న గీతగా బయటపడుతుంది. గ్రైండర్ గీతలు ఒకదానికొకటి సమాంతరంగా, నిటారుగా ఉంటాయి. సుత్తి పోట్లలో అలాంటి క్రమం ఉండదు.

రేకు పని అంటే ఏమిటో కళ్లారా చూడాలనుకుంటే తెలంగాణలో జనగామ జిల్లా పెంబర్తికి వెళ్లండి. అక్కడి కళాకారులు ఇత్తడి రేకును సుత్తి, ఉలితో కొట్టి బొమ్మ తేలుస్తున్నప్పుడు వెనక వైపు ఎలా మారుతుందో పక్కన కూర్చుని గమనించండి. ముందు ఉబ్బితే వెనక గుంట పడుతుంది, చుట్టూ లోహం సాగి పలచబడుతుంది. గాలిక్ హెల్మెట్ కనుబొమలు కూడా అంతే. ముందు ఉబ్బు ఉండి వెనక చదునుగా ఉంటే అది పోతపోసిందో అతికించిందో అయి ఉంటుంది.

కంచు హెల్మెట్ల విషయంలో ఒక జాగ్రత్త. లోపలో బయటో గుండ్రటి వలయాల్లా గీతలు కనిపించగానే లేత్ మీద చేసిన కొత్త సరుకని తీర్పు ఇచ్చేయకండి. రోమన్లు కూడా కంచు డొప్పలను తిప్పుతూ నునుపు చేసేవారు. గీతలు ఉన్నాయా అన్నదాని కన్నా చిలుము ఆ గీతల మీద పేరుకుందా, లేక గీతలు చిలుమును కోసుకుంటూ వెళ్లాయా అన్నది చూడాలి.

రివెట్లను ఒక్కొక్కటిగా చూడండి. చేతితో కొట్టిన రివెట్ తలలు కొంచెం వంకరగా, ఒక్కోటి ఒక్కో సైజులో ఉంటాయి. అన్నీ ఒకే అచ్చులో ఉంటే, డ్రిల్ వేసిన రంధ్రం పరిపూర్ణ వృత్తంలా ఉంటే, కనీసం ఆ భాగం కొత్తదే.

5. చిలుము, తుప్పు

అసలు కంచు మీద చిలుము ఒకే పొరగా ఉండదు. లోహాన్ని ఆనుకుని క్యుప్రైట్ అనే ఎర్రటి రాగి ఖనిజం, దాని మీద మాలకైట్ అనే ఆకుపచ్చ రాగి ఖనిజం, అక్కడక్కడా నీలం, పైన మట్టి. విరిగిన అంచు ఉంటే భూతద్దంలో ఈ వరుస కనిపిస్తుంది. ఆ పొరలు లోహంలోకి వేళ్లూనుకుని ఉంటాయి, గోటితో గీకితే రాలవు. వేర్లు పాకిన జాడలు చిలుములో ముద్రపడి ఉంటే మంచి సూచన.

యాసిడ్, అమ్మోనియా, ఉప్పుతో చేసిన చిలుము ఒక పొరే ఉంటుంది. పొడిలా రాలుతుంది. దీనికన్నా తేలికైన గుర్తు ఇంకోటి ఉంది. లోపల, బయట, రివెట్ తల మీద, అతుకు సందులో అంతటా ఒకే రంగు ఉంటుంది. నేలలో పడి ఉన్న వస్తువుకు కింద ఆనిన వైపు ఒకలా, పై వైపు ఒకలా తినేస్తుంది. అంటించిన మట్టి అయితే నీటికి మెత్తబడదు. అందులో జిగురు ఉంటే అతినీల కాంతిలో చాలావరకు మెరుస్తుంది. సూది కాల్చి గుచ్చే పాత పరీక్షలు మీరు చేయకండి, ఒక్క అసిటోన్ చుక్క అయినా సరే పాత వస్తువులను శాస్త్రీయంగా కాపాడే నిపుణుడు, అంటే కన్జర్వేటరే వేయాలి.

ఆకుపచ్చ లేదు కాబట్టి కొత్తది అనుకోవడం కూడా తప్పే. రైన్ నదిలో, దాని పాయల్లో చాలా హెల్మెట్లు దొరికాయి. ప్రాణవాయువు అందని బురదలో పడి ఉన్న కంచు గోధుమరంగుతో, ఒక్కోసారి దాదాపు బంగారంలా బయటకొస్తుంది. అందుకే చిలుమును ఎప్పుడూ దొరికిన చోటుతో కలిపి చదవాలి. నదిలో దొరికిందని చెప్పి ఒళ్లంతా పొలం మట్టి చిలుము ఉంటే ఆ కథ పొసగదు.

ఇనుము ఇంకోలా ఉంటుంది. నేలలో పడి ఉన్న పలచటి ఇనుప డొప్పలో లోహం చాలావరకు తుప్పుగా మారిపోయి ఉంటుంది. అయస్కాంతం కొన్ని చోట్ల గట్టిగా, కొన్ని చోట్ల బలహీనంగా పట్టుకుంటుంది. పైన బీభత్సంగా తుప్పుపట్టి, అంతటా అయస్కాంతం ఒకే బలంతో అతుక్కుని, బరువు కొత్త రెప్లికా బరువుకు సమానంగా ఉంటే అది ఉప్పునీళ్లలో నానబెట్టిన స్టీలే అనుకోవచ్చు. పాశ్చాత్య దేశాల్లో చరిత్ర వేషాలు కట్టే బృందాల కోసం ఉత్తర భారతంలోని వర్క్‌షాపుల్లో రోమన్ హెల్మెట్లు చేసి ఎగుమతి చేస్తున్నారు. అది నిజాయతీగా సాగే వ్యాపారం. అలాంటి రెప్లికాలను కొని, పాతబెట్టి, పురావస్తువుగా అమ్మేవాళ్లతోనే తంటా.

6. వాడిన గుర్తులు

హెల్మెట్ సైనికుడి సొంత సామాను. పేరు రాసుకునేవాడు. మెడ రేకు మీద వరుస చుక్కలుగా పొడిచిన అక్షరాల్లో తన పేరు, తన శతాధిపతి పేరు ఉంటాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఒక కంచు హెల్మెట్ మెడ రేకు మీద నలుగురి పేర్లు ఉన్నాయి, ఒకరి తర్వాత ఒకరు వాడారన్నమాట. ఆ నాలుగూ నాలుగు చేతిరాతల్లో ఉంటాయని గుర్తుపెట్టుకోండి. నకిలీల మీద పెద్దగా, అందంగా ఏదో లీజియన్ (రోమన్ సైనిక దళం) నంబరు చెక్కి ఉంటుంది. కొనేవాడు చదవాలని రాసినట్టు ఉంటుంది. చుక్క లోపల చిలుము ఉందా? చుక్క అంచున చిలుము పగిలి లోహం మెరుస్తోందా? రెండోదైతే రాత కొత్తది, డొప్ప పాతదైనా సరే. మామూలు హెల్మెట్‌కు దొంగ రాత చేర్చి ధర పెంచడం పాత అలవాటే.

చెంప రేకుల కీలు అరిగిందా? కుచ్చు బిగించే చోట రాపిడి ఉందా? మరమ్మతులు ఉన్నాయా? చక్రవర్తి ట్రాజన్ డాసియా (నేటి రొమేనియా ప్రాంతం) మీద చేసిన యుద్ధాల నుంచి, అంటే రెండో శతాబ్దం మొదటి నుంచి, నడినెత్తిన అడ్డంగా, నిలువుగా ఇనుప పట్టీలు బిగించడం మొదలైంది. రొమేనియాలోని బెర్జోవియాలో దొరికిన హెల్మెట్‌కు అలా తర్వాత పట్టీలు చేర్చారు. ఇలాంటి మార్పు కింద మొదటి పనితనం ఇంకా ఉండాలి. పట్టీ కింద కూడా ముందటి అలంకారం కొనసాగుతోందా అని ఎక్స్‌రే చెబుతుంది.

పోగొట్టుకున్న గుర్తులు కూడా సాక్ష్యమే. జర్మనీలోని కాల్క్రీజలో 1990లో దొరికిన హెల్మెట్ ఇనుప ముసుగుకు ఒకప్పుడు వెండి తొడుగు ఉండేది. క్రీస్తు శకం 9లో రోమన్ సేన ఓడిపోయిన తర్వాత ఆ వెండిని ఎవరో చీల్చుకుపోయారు.

7. ల్యాబ్‌కు ఏం అడగాలో తెలుసుకుని వెళ్లండి

మొదట ఎక్స్‌రే అడగండి. పగుళ్లు, పూడ్చిన రెసిన్, దాచిన వెల్డింగ్, వేరే హెల్మెట్ నుంచి తెచ్చిన చెంప రేకు, అన్నీ ఒక్క ఫిల్ములో బయటపడతాయి. 19వ శతాబ్దపు సేకర్తలు జత లేని చెంప రేకులు తెచ్చి బిగించుకోవడం మామూలే. కాబట్టి "అసలుదేనా" అన్న ప్రశ్న కన్నా "ఎంత భాగం అసలుది" అన్న ప్రశ్న ఎక్కువ పనికొస్తుంది.

ఆ తర్వాత లోహ విశ్లేషణ. ఇత్తడి భాగాల్లో జింక్ శాతం చూడండి. రోమన్లకు విడి జింక్ లోహం తీయడం తెలియదు. రాగిని జింక్ ఖనిజంతో, బొగ్గుతో మూసిన మూసల్లో కాల్చేవారు. ఆ పద్ధతిలో జింక్ సుమారు 28 శాతం దాటి ఎక్కడం కష్టం. జింక్‌ను బట్టీ పట్టి పెద్ద ఎత్తున తీసినవాళ్లు మధ్యయుగంలో రాజస్థాన్‌లోని జావర్ గని పనివాళ్లు. యూరప్‌లో విలియం చాంపియన్ 1738లో పేటెంట్ తీసుకున్నాడు. మీ హెల్మెట్ ఇత్తడిలో 35 శాతం పైన జింక్ వచ్చిందంటే ఆ ముక్క రోమన్లది కాదు. తక్కువ వచ్చినంత మాత్రాన గెలిచినట్టూ కాదు. చేతిలో పట్టుకునే ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ పరికరం పై పొరనే చదువుతుంది, మట్టిలో ఉన్న ఇత్తడి పై పొరలోంచి జింక్ కారిపోతుంది. పైగా పాత నాణేలు, పాత రేకులు కరిగించి చేసే నకిలీలు కూడా ఉంటాయి. రోమన్ రాగిలో సీసం, ఆర్సెనిక్, ఆంటిమొనీ, వెండి లాంటివి కొద్దికొద్దిగా ఉండాలి. అవేవీ లేని అతి శుభ్రమైన రాగి అంటే అనుమానం పెరగాలి.

ఇనుములో మాంగనీస్ సమంగా ఉండి, నిర్మాణం అంతటా ఒకేలా ఉంటే ఆధునిక స్టీలు. పాత బట్టీ ఇనుములో చిట్టెం (బట్టీలో మిగిలే మడ్డి) చారలు కనిపిస్తాయి. కానీ 19వ శతాబ్దపు చేత ఇనుములోనూ చిట్టెం ఉంటుంది కాబట్టి అదొక్కటే రుజువు కాదు. అన్నిటికన్నా నమ్మదగ్గది లోహపు రవ్వల హద్దుల వెంట లోపలికి చొచ్చుకుపోయిన తుప్పు. దాన్ని నకిలీ చేయడం చాలా కష్టం. అయితే అది చూడాలంటే చిన్న ముక్క కత్తిరించాలి. అవసరమో కాదో యజమాని, కన్జర్వేటర్ కలిసి తేల్చుకోవాలి. థర్మోల్యూమినెసెన్స్ (వేడి చేసి వయసు తేల్చే పరీక్ష) చేశామని ఎవరైనా సర్టిఫికెట్ చూపిస్తే, దేని మీద చేశారని అడగండి. ఆ పరీక్ష కాల్చిన మట్టికి పనిచేస్తుంది, కొట్టిన రేకుకు కాదు.

8. తీర్పు రాయడం, ఆ తర్వాత

మీ నివేదికలో చూసినదీ, దాని నుంచి మీరు అనుకున్నదీ వేర్వేరుగా రాయండి. "ఎడమ చెంప రేకు మందం 0.9 మి.మీ., కీలు రివెట్ కొత్తది" అన్నది చూసినది. "చెంప రేకు వేరే హెల్మెట్‌ది కావచ్చు" అన్నది అభిప్రాయం. ఆ తర్వాత పూర్తిగా అసలుది, అసలు డొప్పకు తర్వాతి మరమ్మతులు, పలు హెల్మెట్ల కలగలుపు, ఆధునికం, తేలలేదు, వీటిలో ఏదో ఒకటి స్పష్టంగా పెట్టండి. తేలలేదని రాయడానికి మొహమాటపడొద్దు. రెండో అభిప్రాయం కోసం అమ్మేవారితో సంబంధం లేని మనిషి దగ్గరకే వెళ్లండి.

హెల్మెట్ మీ సంరక్షణలోకి వస్తే తేమే దానికి శత్రువు. మట్టిలోని క్లోరైడ్లు అనే లవణాలు లోపల ఉండిపోతాయి. కంచు మీద లేత ఆకుపచ్చ పొడి కొత్తగా లేస్తే, ఇనుము మీద నారింజ చుక్కలు చెమట పట్టినట్టు కనిపిస్తే వెంటనే కన్జర్వేటర్‌ను పిలవండి. కంచుకు గాలిలో తేమ 35 శాతం లోపు, క్లోరైడ్ ఉన్న ఇనుముకు 15 నుంచి 20 శాతం లోపు ఉండాలి. విశాఖపట్నం లాంటి సముద్రపు ఊళ్లో ఆరుబయట షోకేసులో అది సాధ్యం కాదు. గాలి చొరని డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపించే కార్డు పెట్టండి. కార్డు రంగు మారినప్పుడల్లా జెల్ మార్చండి.